నాందేడులో ఒక పూట

ఈ సంవత్సరం విజ్ఞానయాత్రకు ఎక్కడికి పోదామని అడిగితే మా పిల్లలందరూ ఒక్క గొంతుతో హైదరాబాదు అన్నారు. నాందేడు అన్నది మేము. మాది నిజామాబాదు ప్రాంతం. ప్రొద్దున రైలెక్కితే మధ్యాహ్న భోజనం వేళకు నాందేడులో ఉండవచ్చు. అయినా పిల్లలకు అది పరదేశమే. "అక్కడ మరాఠీ రాకపోతే మంచినీళ్ళు కూడా పుట్టవట సార్!" అని ఒకడు అందరినీ బెదరగొట్టాడు. 1956 దాకా ఆ ఊరూ మా ఊరూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవని చెబితే నమ్మకం లేనట్లు చూశారు.

నలభైమంది పిల్లలు, నలుగురు ఉపాధ్యాయులము. బాసర చేరబోయే ముందు రైలు గోదావరి వంతెన మీదికి రాగానే కిటికీల దగ్గర తొక్కిసలాట. చిల్లర డబ్బులు నీళ్ళలో పడ్డవి. కొన్ని వంతెన ఇనుముకు తగిలి టంగుమన్నవి. ఈ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నవని ఒక పిల్ల అడిగింది. "మనం పోయే ఊరు మీదుగానే. నది ఇటు వస్తున్నది, మనం అటు పోతున్నాము" అన్నాము. పటం పెట్టి నెల రోజులు చెప్పిన పాఠం కన్న ఆ ఒక్క మాట బాగా తలకెక్కింది.

సిక్కుల పదవ గురువు గురు గోవిందసింగ్ 1708లో, బహదూర్‌షా చక్రవర్తి సేనతో దక్షిణాదికి వస్తూ, ఈ గోదావరి ఒడ్డున ఆగాడు. ఇక్కడ కనబడిన మాధవదాసు అనే బైరాగి ఆయన శిష్యుడై, బందా బహదూరుగా పంజాబుకు పోయి మొగలాయీలను ఎదిరించాడు. హంతకుని కత్తిపోటుకు గురైన గురువు ఆ యేడే అక్టోబరు 7న ఇక్కడే కన్నుమూశాడు. తన తరువాత మనిషి ఎవరూ గురువు కాదని, గ్రంథమే గురువని ఆయన చెప్పినది ఈ ఊళ్ళోనే. ఇప్పుడున్న హుజూర్ సాహెబు మందిరాన్ని మహారాజా రంజిత్‌సింగు 1832–37 సంవత్సరాల మధ్య కట్టించాడు. సిక్కుల అయిదు తఖ్తులలో ఇది ఒకటి. గర్భగుడిని కడగడానికి ప్రతి దినమూ తెల్లవారకముందే గోదావరి నుంచి బిందెతో నీళ్ళు తెస్తారు. ఇది విన్న పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. తాము డబ్బులు వేసిన గోదావరి కదా!

నెత్తిన చేతిరుమాళ్ళు కట్టుకొని, కాళ్ళు కడుక్కొని, లంగరుకు వెళ్ళాము. ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా బడిలో మధ్యాహ్నం కొందరు ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలతో వరండాలో కూర్చుంటారు. బడిలో వండినది తినేవారు వేపచెట్టు క్రింద కూర్చుంటారు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. కాని వరండా పిల్లలది ఒక వాడ, చెట్టు క్రింద పిల్లలది మరొక వాడ. మేము ఉపాధ్యాయుల గదిలో తింటూ, కిటికీలోనుంచి చూస్తూ, ఏళ్ళ తరబడి ఊరుకున్నాము.

లంగరులో పొడుగాటి పట్టీలు పరచి ఉన్నవి. వచ్చినవారు వచ్చినట్లు వరుసగా కూర్చోవలసిందే. మా పిల్లలు అలవాటు చొప్పున రెండు గుంపులుగా నిలబడ్డారు. గంపతో రొట్టెలు పట్టుకొని వచ్చిన ఒక ముసలి సర్దారుజీ, వెనుక జనం ఆగిపోతున్నారని చేయి ఊపి, దొరికినవాణ్ణి దొరికినచోట కూర్చోబెట్టాడు. రొట్టెకోసం ఒక పిల్లవాడు ఒక్క చేయి చాచాడు. "రెండు చేతులు పట్టు బిడ్డా!" అన్నాడాయన, అచ్చమైన మన తెలుగులో. పంక్తి అంతా గొల్లున నవ్వింది. ఆయన తల్లిది బోధన్ దగ్గరి పల్లె అట. రంజిత్‌సింగు నిజాముకు పంపిన సేనలో వచ్చి దక్కనులో నిలిచిపోయిన సిక్కు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. మరాఠీ రాకపోతే నీళ్ళు పుట్టవన్నవాడికి ఆయనే స్వయంగా నీళ్ళు పోశాడు.

అన్నం ఎప్పుడు పెడతారని మధ్యమధ్య అడుగుతూనే మా వాళ్ళు రొట్టెలు, పప్పు బాగానే తిన్నారు. ఆ తరువాత అంట్లు తోమేచోట పిల్లలను ఆపడం మా వశం కాలేదు. ఇంట్లో గ్లాసు కదపని పిల్లలు మోచేతులదాకా తడుపుకున్నారు. ఎవరు తిన్న పళ్ళెం ఎవరు తోముతున్నారో చూసేవారే లేరు.

సాయంత్రం నగీనా ఘాటుకు పోయాము. భక్తుడు ఇచ్చిన విలువైన మణిని గురువు నదిలోకి విసిరివేసిన కథ అక్కడిది. పిల్లలు కొంతసేపు నీళ్ళలో వెతికారు. రాత్రి బండికి తిరుగుముఖం పట్టాము.

సోమవారం మధ్యాహ్నం వరండాలోనుంచి ఒక పిల్లవాడు డబ్బా పట్టుకొని వేపచెట్టు క్రిందికి వచ్చి కూర్చున్నాడు. మంగళవారం వాడి తల్లి బడికి వచ్చింది. "అక్కడ అందరి నడుమ కూర్చొని తిన్నాడమ్మా, ఇక్కడా అలాగే తింటానంటున్నాడు" అన్నాము. ఆమె ఏమీ అనకుండా వెళ్ళింది. బుధవారం వాడు మళ్ళీ వరండాలోనే ఉన్నాడు.

గురువారం నుంచి మేము నలుగురమూ మా డబ్బాలు తీసుకొని చెట్టు క్రిందికి వెళుతున్నాము. పెద్ద చాప ఒకటి కొన్నాము. ఈ వ్యాసం వ్రాసే నాటికి వరండానుంచి మూడు డబ్బాలు వచ్చినవి.