ట్రాక్టరు తొండం దించడం

మాది హోసూరు తాలూకా. నాలుగు తరాలుగా యిక్కడనే వున్నాము. యింట్లో తెలుగు, కచేరీలో తమిళం, సంతలో కన్నడం. యీ పత్రికలో పండుగలను గురించీ, పెండ్లిండ్లను గురించీ, పచ్చళ్ళను గురించీ వ్రాసేవారికి కొదవ లేదు. యీ మాటు కొంచెం యినుమును గురించి వ్రాద్దామని కూర్చున్నాము. పొలం వున్నవారికి పనికి వస్తుంది. లేనివారు చదివినా నష్టం లేదు.

మా నాయన 1998లో కొన్న చిన్న ట్రాక్టరు యింకా మా యింట్లో చాకిరీ చేస్తూనే వున్నది. పద్దెనిమిది గుర్రాల బలం. మామిడిచెట్ల సాళ్ళలో దూరిపోయేటంత పొట్టిది. 2011లో దాని ముందర ఒక లోడరు చేయించి పెట్టించారు. పట్నంలో వున్న పాఠకులకు చెప్పవలెనంటే, లోడరు అనగా రెండు యినుప చేతులు, వాటి కొసన ఒక వెడల్పు తొట్టి. ఆయిలు ఒత్తిడితో చేతులు పైకి లేస్తాయి, తొట్టి వంగుతుంది. మా పిల్లలు దాన్ని "తొండం" అన్నారు. మాకూ ఆ మాటే అలవాటైంది. అంతకుముందు వేసవిలో పేడదిబ్బ ఎత్తి చేనికి తోలాలంటే ఎనిమిదిమందికి మూడు దినాల పని. తొండం వచ్చాక అది ఒకటిన్నర దినంలో తేలిపోయింది.

ఆ సుఖం వూరికే రాలేదు. తొండం బరువు రెండువందల యేభై కిలోలకు తక్కువ వుండదు. పేడ తోలేది యేడాదిలో నెలరోజులే. మిగిలిన పదకొండు నెలలూ ఆ బరువు ముందు యిరుసు మీదనే వూరేగుతుంది. మా బండికి పవరు స్టీరింగు లేదు. చేని మలుపులో చక్రం తిప్పి తిప్పి నాయన రాత్రిళ్ళు భుజానికి కాపడం పెట్టించుకొనేవారు. ముందు చక్రాల కింగ్‌పిన్ను బుష్షులు రెండు మాట్లు అరిగిపోయాయి. అంత పాత బండికి సామాను దొరకడం రానురాను కష్టమవుతున్నది. మామిడి తోటలోకి పోతే తొండం చేతులు కొమ్మలకు తగిలి పిందెలు రాలుతాయి. రేడియేటరు ముందర జాలీలో చేరిన చెత్త దులపాలన్నా చెయ్యి పోదు.

పోయిన యేడు యీ సంగతి మీద యింట్లో మాటామాటా వచ్చింది. "పాత బండికి యీ అలంకారం యెందుకు, తూకానికి వేసేద్దాము" అన్నాడు పెద్దన్న. "అమ్మేటట్టయితే బండినీ అమ్మండి, దానితోబాటు నన్నూ తూయండి" అన్నారు నాయన. వదిన మాత్రం, "తొండం పోతే పేడ గంపలు మళ్ళీ ఎవరి నెత్తిమీదికి వస్తాయో అది కూడా చెప్పి అమ్మండి" అన్నది. మాకు ఆ మాటే న్యాయంగా తోచింది. అమ్మవద్దు, రాగులు విత్తేముందు దించి కొట్టంలో పెట్టి, మళ్ళీ వేసవికి తగిలిద్దాము అని తీర్మానమైంది.

అయితే దించడమంటే మా యింట్లో అందరికీ గుండెదడ. దాన్ని చేసిన వర్క్‌షాపువాళ్ళు ఒకసారి బుష్షులు మార్చడానికి వచ్చి, చింతకొమ్మకు చైన్‌పుల్లీ కట్టి దించారు. కొమ్మ వంగింది. తొండం ఒక్క వూపు వూగింది. పదిహేనేండ్ల కుర్రవాడి చెయ్యి వెంట్రుకవాసిలో తప్పింది. ఆ దినం నుంచి నాయన పెట్టిన కట్టడి ఒక్కటే: లేచివున్న తొండం కింద మనిషి వుండరాదు, మనిషి బలంతో దాన్ని మోయరాదు. దాని బలంతోనే అది దిగాలి.

యిది వింతగా వినిపించినా నిజానికి అదే సులువు. మా తొండం రెండు నిలువు కాళ్ళమీద నిలబడుతుంది. ఆ కాళ్ళు బండి చట్రానికి యిరువైపులా వున్న గూళ్ళలో కూర్చొని వుంటాయి. వాటిని పట్టి వుంచేవి లావుపాటి పిన్నులు. ముందుగా తొట్టిలోని పేడ కడిగి, బండిని చదునైన గట్టి నేలమీద నిలిపి, చక్రాలకు కట్టెలు వేశాము. చేతులకు ఆనించడానికి కాళ్ళు యిచ్చి వుంటే బాగుండేది, ఆ వర్క్‌షాపువారు యివ్వలేదు. మేమే పాత పైపులతో రెండు చేయించుకొన్నాము. కొందరు యిటుకలు పేరుస్తారు. యిటుక పగిలేది చెప్పి పగలదు.

చేతులు కాళ్ళమీద ఆనిన తర్వాత, తొట్టి ముక్కు నేలకు పెట్టి, లివరును కొద్దికొద్దిగా కదిపితే పిన్ను మీది బరువు తేలిపోతుంది. ఆ క్షణంలో పిన్ను చేతితోనే వచ్చేస్తుంది. రాలేదంటే బరువు యింకా దానిమీద వున్నదని అర్థం. సుత్తి తీసుకోవడం కాదు, లివరును యింకొక వెంట్రుకవాసి కదపడం దానికి మందు. రెండు పక్కలా పిన్నులు వచ్చాక, మళ్ళీ లివరుతోనే నిలువు కాళ్ళు గూళ్ళలోనుంచి పైకి లేస్తాయి. నాయన బండి మీద కూర్చొని జానెడు వెనక్కు తీశారు. అంతకంటే తీస్తే గొట్టాలు తెగుతాయి.

అక్కడ యింజను ఆపేయాలి. ఆపిన తర్వాత కూడా గొట్టాలలో ఒత్తిడి నిలిచే వుంటుంది గనుక లివరును నాలుగు దిక్కులా నాలుగైదు మాట్లు తిప్పాలి. ఆయిలు ఎక్కడైనా చిమ్ముతున్నదేమోనని వేలు పెట్టి చూడడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సూదిమొనంత చిల్లిలోనుంచి వచ్చే ఆయిలు చర్మాన్ని పొడుచుకొని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్క కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు. గంటలలో ఆస్పత్రిలో కోసి శుభ్రం చేయకపోతే వేలు, ఒక్కొక్కప్పుడు చెయ్యే పోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. కంటికి అద్దాలు పెట్టుకోవాలి.

యిక గొట్టాల సంగతి. యీ పనిలో చాలామంది తడబడేది యిక్కడనే. మా బండిలో ఆయిలు పంపునుంచి బయలుదేరి ముందు తొండం లివర్ల పెట్టెలోకి పోయి, అక్కడనుంచి వెనుక రోటవేటరు ఎత్తే లిఫ్టుకు పోతుంది. మూడవ గొట్టం తిరిగి ఆయిలు తొట్టికి. లివర్ల పెట్టె తొండంతోబాటే వూడి వస్తుంది. అప్పుడు పంపు గొట్టానికి మూత బిగించి వదిలేస్తే యేమవుతుంది? దారి మూసిన కాలువ గట్టు తెంచుకొన్నట్టు, పంపో గొట్టమో పగులుతుంది. వెనుక లిఫ్టు కూడా లేవదు. కనుక పంపునుంచి వచ్చే గొట్టాన్ని లిఫ్టుకు పోయే గొట్టంతో ఒక చిన్న ముక్కతో కలిపేయాలి. ఆ ముక్క కూడా ఒత్తిడి గొట్టమే కావాలి, నీళ్ళ గొట్టం కాదు. తొట్టికి పోయేదానికి మూత వేస్తే చాలు.

ఏది యేదో మరచిపోకుండా వదిన తన పాత చీర అంచులు చించి ఎర్రది, పచ్చది, పసుపుపచ్చది మూడు గొట్టాలకూ, లివర్ల పెట్టెమీద వాటి నోళ్ళకూ కట్టింది. వర్క్‌షాపువాళ్ళకు తట్టని బుద్ధి అది! అయితే గొట్టం నోటిలో గుడ్డ దూర్చడం మాత్రం తగదు. ఒక నూలుపోగు లోపల పడినా వాల్వులో యిరుక్కుంటుంది. ప్లాస్టికు మూతలు తెచ్చి పెట్టుకోవాలి.

బయటికి వచ్చిన సిలిండరు కడ్డీల మెరుపుకు గ్రీజు పూసి, తొండాన్ని కొట్టం నీడలోనే వుంచాము. తుప్పు పట్టిన కడ్డీ సీలును కోసేస్తుంది. గొట్టాలకు ఎండ కూడా పగే. పక్క వూళ్ళో మా చిన్నాయన కొడుకు కొత్త బండికి నొక్కి వూడదీసే జాయింట్లు వున్నాయి. ఆ తొండాన్ని ఎండలో వదిలితే, మూసుకొన్న గొట్టంలో ఆయిలు వేడెక్కి ఉబ్బి, మళ్ళీ జాయింటు కూర్చోదు.

దించినదాకా ఒక యెత్తు, దించిన తర్వాత ఒక యెత్తు. అన్నాళ్ళు తొండం బరువుకు అలవాటుపడిన బండికి ముందువైపు ఒక్కసారిగా తేలిక అవుతుంది. వెనుక రోటవేటరు పైకెత్తి గట్టు ఎక్కితే ముందు చక్రాలు నేల విడుస్తాయి. విడిచిన చక్రం స్టీరింగు మాట వినదు. ముందర యినుప బరువులు బిగించి, గట్టును వంకరగా కాక తిన్నగా, మెల్లగా ఎక్కమని చిన్న తమ్ముడికి నాయన మూడు మాట్లు చెప్పారు. చెప్పడంతో ఆగక బండి వెంట నడిచి చూశారు కూడా.

అంతా కలిపి ఆ దినం పట్టింది మూడు గంటలు. రెండవ యేడు గంటలో అయింది. నాయనకు యిప్పుడు డెబ్బై మూడు. భుజం నొప్పి ఆయనను పూర్తిగా వదలలేదు గాని, రాగిచేను మలుపులో చక్రం ఒక్క చేత్తో తిప్పగలుగుతున్నారు. తొండం తొట్టిలో మా అవ్వ కోడిపెట్ట పొదుగుతున్నది. పదకొండు గుడ్లు. వేసవిలో మళ్ళీ తగిలించే నాటికి దాన్ని అక్కడనుంచి లేపే బాధ్యత ఎవరిదో యింకా తేలలేదు.