అబ్బా చేతి రాషా

దువాకు చేతులెత్తినప్పుడే మా అబ్బాకు ఎక్కువ వణుకుతాయి. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండదు. చాయ్ కప్పు పట్టుకున్నా, ఖలం పట్టుకున్నా మొదలు. మా ఇంట్ల దాన్ని రాషా అంటాం.

అబ్బా కాతిబ్. కరీంనగర్‌లో షాదీ రుఖాలు, దుకాణాల బోర్డులు, జల్సాల పోస్టర్లు ఆయన ఖత్‌తోనే ఉండేవి. 1990లలో ఇన్‌పేజ్ వచ్చి కంప్యూటరే నస్తాలీఖ్ రాయడం మొదలుపెట్టాక ఆ పని తగ్గిపోయింది. దానికి అబ్బా సబర్ చేసుకున్నాడు. సొంత చెయ్యే మాట వినకుండా పోయి, అలిఫ్ వంకరపోయిన రోజున మాత్రం ఖలం పెట్టెలో పెట్టేశాడు.

ఒక దావత్‌లో చాయ్ సాసర్‌లోకి ఒలికింది. వెనుక నుంచి ఎవరో "పీతే క్యా?" అన్నారు. తాగుతాడా అని! జిందగీలో చుక్క ముట్టని మనిషి. ఆ రోజు నుంచి దావత్‌లు బంద్.

ఒక దవాఖానలో పార్కిన్సన్స్ అని గోలీలు రాశారు. ఏడాది మింగినా ఫాయిదా లేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్ట్‌కు చూపించాం. ఆయన మొదటి సవాళ్లలోనే "మందు తాగితే వణుకు తగ్గుతుందా?" అని అడిగాడు. అబ్బా మొహం ఎర్రబడింది. లేచి వెళ్లిపోతాడేమో అనుకున్నా.

డాక్టర్ నిదానంగా సమ్‌ఝాయించాడు. ఈ మర్జ్ పేరు ఎసెన్షియల్ ట్రెమర్. పార్కిన్సన్స్‌లో చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ వణుకుతుంది. ఇందులో పని చేసేటప్పుడు వణుకుతుంది. చాలామందికి సారాయి కొద్దిసేపు దీన్ని అణుస్తుంది. పరీక్ష కోసమే అడుగుతారు, ఇల్జామ్ కాదు. తాగుడు వల్ల వచ్చిందని లోకం అనుకున్న రోగం, తాగితే కాసేపు ఆగే రోగమట! ఖాందాన్‌లో కూడా నడుస్తుందన్నాడు. మా దాదా చెయ్యి కూడా వణికేదని అబ్బాకు అప్పుడే యాదికొచ్చింది. నేను నా చేతుల వైపు చూసుకున్నా.

ఇలాజ్ ఉంది కానీ సులువు కాదు. ప్రొప్రనలాల్ మంచి దవా, అబ్బాకు దమ్ము ఉన్నందున ఇవ్వలేదు. ప్రిమిడోన్‌తో కళ్లు తిరిగాయి. మెదడులో తీగలు పెట్టే డీబీఎస్ ఆపరేషన్ మన నిమ్స్‌లో కూడా చేస్తారు. "నక్కో బేటా, సర్‌లో ఛేద్ నక్కో" అన్నాడు అబ్బా. తలకు రంధ్రం వద్దని.

అప్పుడే షికాగో నుంచి ఖాలాజాద్ భాయి ఫోన్ చేసి ఒక పట్టీ సంగతి చెప్పాడు. గడియారంలా మణికట్టుకు కట్టుకునేది. పేరు కాలా. అమెరికా ఎఫ్‌డీఏ 2018లో ఎసెన్షియల్ ట్రెమర్‌కు ఇజాజత్ ఇచ్చింది. మణికట్టులో మీడియన్, రేడియల్ అని రెండు నరాలున్నాయి. ఆ మనిషి వణుకు లయను కొలిచి, దానికి తగ్గట్టు ఒకదాని తర్వాత ఒకటిగా ఈ రెండు నరాలకు పట్టీ చిన్న కరెంటు ఇస్తుంది. ఆ ఇషారా నరాల మీదుగా మెదడులోని థాలమస్‌కు చేరి, వణుకును నడిపించే లయను చెదరగొడుతుంది. కత్తి లేదు, కోత లేదు.

అబ్బా కళ్లలో చాలా రోజులకు వెలుగు చూశా. అందుకే మిగతాది కూడా చెప్పాలి. ఒకసారి 40 నిమిషాలు కట్టుకుంటే, పనిచేసినవాళ్లకు ఓ గంట, గంటన్నర ఆరామ్. మర్జ్ పోదు. 2020లో అచ్చయిన పరిశోధనలో 263 మంది మూడు నెలలు రోజుకు రెండుసార్లు వాడారు. చాలామందికి మేలు కనిపించింది. కానీ ఉత్తుత్తి పట్టీ కట్టి పోల్చి చూసింది కాదు. కొందరికి చర్మం ఎర్రబడింది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు. పైగా డాక్టర్ చీటీ మీద, ఆ మనిషి వణుకుకు సరిచేసి ఇచ్చే సామాను. ఎవరి సామాన్లలోనో వేసి పంపించేది కాదు.

"గంట సేపా?" అన్నాడు అబ్బా. "గంటలో ఒక రుఖా రాయొచ్చు కదా."

పట్టీ ఇంకా రాలేదు. పోయిన నెల ఆదిలాబాద్‌లో ఆపా బిడ్డ నికాహ్. అబ్బా గవాహ్‌గా సంతకం పెట్టాలి. "మై నై ఆతా" అని మొండికేశాడు. నిర్మల్ మీదుగా బస్సులో పోతూ దారి పొడుగునా బతిమాలా. అక్కడ దిగాక అందరి ముందే చెప్పేశా: ఇది రాషా, బీమారీ, తాగుడు కాదు, దాదాకు కూడా ఉండేది. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన తన చెయ్యి చాపి చూపించాడు. అదీ వణుకుతోంది.

ఖాజీ సాబ్ రిజిస్టర్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. అబ్బా తన ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని సంతకం పెట్టాడు. అలిఫ్ వంకరగానే వచ్చింది. చాయ్ సగం గ్లాసే పోయమని నేను ముందే చెప్పి ఉంచా. అందరి మధ్యన కూర్చుని తాగాడు.

మీ ఇంట్లో కూడా ఇట్లా దావత్‌లు మానేసిన పెద్దాయన ఉంటే, గుసగుసల కంటే ముందు న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకుపోండి.