నా చెయ్యికి 32 శాతం వేసినారు

కొంచెం పెద్ద పోస్టు ఇది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. ఈ నెలలో నాకు ముగ్గురు ఫోన్ చేసినారు. ఒకాయనది పుత్తూరు పక్క, ఇద్దరు మన వడమాలపేట మండలం వాళ్ళే. ముగ్గురిదీ ఒకటే మాట: "అన్నా, పని చేయలేకపోతా ఉండా, వికలాంగుల పింఛనుకు పెట్టుకుంటే వస్తాదా?" అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు, నేను తిరిగి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తా ఉన్నా.

ముందు నా సంగతి. 2023 జూన్‌లో తోతాపురి కోతలప్పుడు చెట్టు మీద నుంచి పడినా. కుడి మోచెయ్యి విరిగింది. తిరుపతిలో ఆపరేషన్ చేసి ప్లేటు వేసినారు. ఎముక బాగానే అతుక్కుంది. కానీ చెయ్యి పూర్తిగా చాపలేను. అరచెయ్యి పైకి తిప్పలేను. పది కేజీలు ఎత్తితే పట్టు జారిపోతుంది.

చొక్కా వేసుకుంటే బయటికి ఏమీ కనపడదు. అదే వచ్చిన తంటా. అన్నం తింటాను, గుండీలు పెట్టుకుంటాను, ఫోన్ మాట్లాడతాను. చూసినోళ్ళు "నీకేమప్పా, బాగానే ఉండావే" అంటారు. మడిలోకి దిగితే తెలుస్తుంది కథ. మడవ తిప్పాలంటే నాలుగు పారల మట్టి ఎత్తాలి, నేను రెండో పారకే వదిలేస్తా. మందు ట్యాంకు వీపుకెత్తుకుని కుడి చేత్తో గన్ను తిప్పలేను. రెండు ఆవులకు ఎడమ చేత్తో పాలు పిండేసరికి దూడలు తాడు తెంపుకుంటాయి. ముప్పై ఏళ్ళు నా చేతుల మీద నడిచిన సేద్యం ఇప్పుడు ప్రతి పనికీ కూలీ మీద నడవాల. రెండెకరాల తోపు, అరెకరం మడి ఉన్నోడు ప్రతి పనికీ కూలీ పెడితే వాడికి మిగిలేది ఏముంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఏడాది చూసి, ఇక చెయ్యి మారదని డాక్టరు చెప్పినాక పింఛను ఆలోచన చేసినా. మా ఆవిడ ముందు ఒప్పుకోలేదు. "ఊర్లో ఏమనుకుంటారు?" అనింది. ఆ మాట మన ఇళ్ళలో అందరికీ ఉంటుంది. సేద్యగాడు చెయ్యి చాచకూడదని పెద్దోళ్ళు నేర్పినారు. కానీ ఇది ఒకరి దయ కాదు, చట్టంలో ఉన్నది. అంతమటుకు నాకు తెలుసు, అందుకే పోయినా.

సచివాలయంలో ఆధార్ ఇచ్చి సదరం స్లాటు తీసుకున్నా. ఫోన్‌కు మెసేజీ వచ్చింది, ఏ ఆసుపత్రి, ఏ తేదీ అని. ఆ రోజు పొద్దున్నే పోతే నాకంటే ముందే చాలామంది ఉన్నారు. చక్రాల కుర్చీలో పిల్లోళ్ళు, కళ్ళు కనపడని అవ్వలు, ఒక కాలు లేని లారీ డ్రైవరు. వాళ్ళ మధ్య రెండు కాళ్ళ మీద నిలబడి ఉంటే నాకే ఒక మాదిరిగా అనిపించింది. డాక్టరు మర్యాదగానే చూసినాడు. ఎక్స్‌రేలు తిరగేసినాడు, కోణాలు కొలిచే స్కేలు పెట్టి మోచెయ్యి ఎంత వంగుతుందో, ఎంత చాపుతుందో కొలిచినాడు, వేళ్ళు గట్టిగా పట్టుకోమన్నాడు. నేను "సార్, పార పట్టలేను" అన్నా. ఆయన "అర్థమైంది, కానీ దానికి ఇక్కడ గడి లేదు" అన్నాడు.

కొన్ని రోజులకు సర్టిఫికెట్ వచ్చింది. 32 శాతం.

పింఛనుకు కావాల్సింది 40. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి 40 శాతం, ఆ పైన ఉన్నోళ్ళకు నెలకు 6,000 ఇస్తున్నారు, అంతకుముందు 3,000 ఉండేది. పక్షవాతం లాంటి వాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనోళ్ళకు 15,000. 40కి 6,000, 39కి సున్నా. మధ్యలో ఏమీ లేదు. కేంద్రం పింఛను ఇంకా కఠినం, 80 శాతం దాటిన పేదలకే, అదీ నెలకు 300.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పోయిందని కాదు. "నువ్వు అబద్ధం చెప్తా ఉన్నావు" అని కాగితం మీద రాసిచ్చినట్టు అనిపించింది. తర్వాత మా వాడు ఫోన్లో 2018లో కేంద్రం గెజిట్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు తీసి చదివి వినిపించినాడు. చెయ్యిని ఎట్ల కొలవాలో అందులో ఉంది. కీళ్ళ కదలిక, కండ బలం, దాంతోపాటు పది పనులు. తలపైన ఉన్న వస్తువు తీసి పెట్టడం, ముక్కు తాకడం, చేత్తో అన్నం తినడం, తల దువ్వుకోవడం, చొక్కా వేసుకోవడం, గ్లాసుతో నీళ్ళు తాగడం, గుండీలు పెట్టుకోవడం, పంచె కట్టుకోవడం, రాయడం, ఇట్లాంటివి. అవన్నీ మనిషి తన ఒళ్ళు తాను చూసుకునే పనులు. పార పట్టడం లేదు, పాలు పిండడం లేదు, దోటి ఎత్తడం లేదు.

అప్పుడు నా మనసు కుదుటపడింది. సదరంలో కొలిచేది ఒంటిని, పనిని కాదు. ఆఫీసులో కుర్చీలో కూర్చునే ఆయనకు ఇదే మోచెయ్యి అయితే ఆయనకూ 32 శాతమే వస్తుంది. ఆయన మరుసటి నెల నుంచి జీతం తీసుకుంటాడు. నాకు సేద్యం పోతుంది. కాగితం మీద ఇద్దరం ఒకటే.

ఇంకొకటి చూడండి. మన ఊళ్ళ నుంచి శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయే పిల్లోళ్ళకు జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ ఉంటుంది. వాళ్ళ జీతంలో నూటికి ముప్పావలా పట్టుకుంటారు, కంపెనీ మూడుంబావలా కడుతుంది. పనిలో చెయ్యి దెబ్బతింటే అక్కడ మెడికల్ బోర్డు అడిగే ప్రశ్నే వేరు: "ఇతని సంపాదించే శక్తి ఎంత తగ్గింది?" దాన్ని బట్టి నెలనెలా డబ్బు వస్తుంది. అంటే ఆ కొలత మన దేశంలో లేక కాదు, 1948 చట్టం నుంచి ఉంది. యజమాని ఉన్నోడికి ఉంది. తన పొలానికి తానే యజమాని, తానే కూలీ అయినోడికి లేదు. పంటకు బీమా ఉంది, ఆవుకు బీమా ఉంది. ఆ పంట పండించే చేతికి మాత్రం అడిగే దిక్కు లేదు. రైతు సంఘాల వాళ్ళు గిట్టుబాటు ధరతో పాటు ఇది కూడా అడగాలని నా మాట.

ఇక మీరు సదరానికి పోయేటట్టయితే ఇవి గుర్తు పెట్టుకోండి.

ఒకటి, కాగితాలు. మన వైపు ఎముక విరిగితే ముందు పుత్తూరు కట్టుకే పోతాము, తాతల నాటి నుంచి ఉన్న నమ్మకం. పోండి, వద్దనను. కానీ దెబ్బ తగిలిన రోజు ఒక ఎక్స్‌రే తీయించుకుని తేదీతో సహా దాచుకోండి. తర్వాత ఎప్పుడు ఎవరికి చూపించుకున్నా చీటీ దాచండి. బోర్డు ముందు మన నోటికంటే ఆ చీటీలకే విలువ.

రెండు, తొందరపడద్దు. ఇంకా మారే అవకాశం ఉన్న దెబ్బకు తాత్కాలికం అని గడువు పెట్టి ఇస్తారు, మళ్ళీ పోవాల. వైద్యం పూర్తయినాక పోవడం మేలు.

మూడు, 40 వచ్చినంత మాత్రాన మరుసటి నెల డబ్బు రాదు. పింఛనుకు వేరే దరఖాస్తు, దానికి వేరే పరిశీలన. మాగాణి మూడెకరాల లోపు, మెట్ట అయితే పదెకరాల లోపు ఉండాల. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం, ఇన్‌కంటాక్స్ ఉండకూడదు. కారు ఉండకూడదు. ట్రాక్టరు ఉంటే పోతుందని కొందరు భయపడతారు, ట్రాక్టరుకు, ఆటోకు, ట్యాక్సీకి మినహాయింపు ఉంది.

నాలుగు, శాతం తప్పుగా వేసినారనిపిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 59వ సెక్షన్ కింద అప్పీలుకు హక్కుంది. నేను పెట్టలేదు. కొలిచింది సరిగ్గానే కొలిచినారు, కొలబద్దే నాది కాదు.

ఐదు, ఇది అందరికీ. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటుంది, ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు. ప్రమాదంలో చనిపోయినా, రెండు చేతులో రెండు కాళ్ళో రెండు కళ్ళో పూర్తిగా పోయినా 2 లక్షలు, ఒక చెయ్యో కాలో కన్నో పూర్తిగా పనికిరాకపోతే లక్ష. నాలాగా బిగుసుకుపోయిన మోచెయ్యికి రాదు, అడిగి చూసినా. అయినా మే నెలాఖరులో ఖాతాలో డబ్బు ఉంచి, ఆ 20 రూపాయలు పట్టుకున్నారా లేదా పాసుబుక్కులో చూసుకోండి.

2025లో పింఛను తీసుకుంటున్న వికలాంగులను రాష్ట్రమంతా మళ్ళీ పరీక్షలకు పిలిచినారు గుర్తుందా? ఆగస్టులో చాలామందికి నోటీసులు వచ్చినాయి. అప్పుడు టీ అంగడి కాడ "దొంగ పింఛన్లు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నోళ్ళు ఉంటారు, లేరని నేను అనను. వాళ్ళ వల్లనే నిజమైనోడు కూడా నలుగురిలో తల దించుకోవాల్సి వస్తుంది. కానీ శాతం తగ్గిన ప్రతి ఒక్కడూ దొంగ కాదు. 40 లోపు వచ్చిందంటే బాధ లేదని కాదు, ఆ గీత దాకా రాలేదని, అంతే.

ఇప్పుడు మడి గుత్తకు ఇచ్చినా. తోపు మాత్రం వదలలేదు, కోతకు మనుషుల్ని పెట్టి నేను గ్రేడింగు, లెక్కలు, ఫ్యాక్టరీ గేటు దగ్గర లైను చూసుకుంటా. ఆవుల్లో ఒకదాన్ని అమ్మేసినా. సంసారం నడుస్తా ఉంది, ఇదివరకటి లాగా కాదు గానీ నడుస్తా ఉంది.

మీ ఊర్లో ఎవరైనా బయటికి బాగానే కనపడుతూ పొలం మానేసి ఉంటే, సోమరి అనేముందు ఒకసారి పక్కన కూర్చుని ఏమైందప్పా అని అడగండి. సదరం కాగితంలో ఆ గడి లేదు. మనలో అయినా ఉండాల.