వారసత్వపు సభ్యములు

మా యొద్ద సీ ప్లస్ ప్లస్ భాష నభ్యసించు బాలబాలికలు ప్రతి సంవత్సరమును నన్నొక ప్రశ్న యడుగుచుందురు. "మేష్టారూ, తల్లి క్లాసులోని సభ్యము పిల్ల క్లాసునకు సంక్రమించినది గదా! పిల్ల కన్‌స్ట్రక్టరు పట్టికలో దానికి మేము తొలి విలువ నిచ్చినచో కంపైలరేల యొప్పుకొనదు?" (క్లాసనగా నిచట బల్లలు గల గది కాదు, ఆబ్జెక్టులను నిర్మించుటకైన నమూనా.) అది నియమమని చెప్పి యూరకుండుట నాకు సమ్మతము కాదు.

"విద్యార్థి" యనునది తల్లి క్లాసు. అందు పేరును, క్రమసంఖ్యయు గలవు. "వసతివిద్యార్థి" దానినుండి పుట్టి గదిసంఖ్యను చేర్చుకొన్నది. వసతివిద్యార్థి యాబ్జెక్టు ఏర్పడునపుడు మొదట తల్లిభాగము సంపూర్ణముగా నిర్మింపబడును. పిమ్మట పిల్ల సొంత సభ్యములు. కడపట కన్‌స్ట్రక్టరు దేహము నడచును. తల్లి సభ్యములకు తొలి విలువ నిచ్చు నధికారము తల్లి కన్‌స్ట్రక్టరుదే. పిల్ల తన పట్టికలో తల్లి క్లాసు పేరు వ్రాసి, కావలసిన విలువల నందింపవలయును.

దేహములో విలువ వ్రాసిన నేమని కొంద రందురు. సభ్యము ప్రైవేటైనను, కాన్‌స్టైనను అది సాగదు. సాగినచోటనే చిక్కు. గడచిన సంవత్సరము విద్యార్థి యొకడు భోజనశాల లెక్కల ప్రోగ్రామును వ్రాసి తెచ్చెను. అతని తల్లి క్లాసులో రెండు కన్‌స్ట్రక్టర్లుండెను. ఒకటి విలువలను గైకొని, క్రమసంఖ్య సున్నయైనచో నిరాకరించునది. రెండవది యే విలువయు గైకొనక సున్న నుంచునది. పిల్ల తల్లిని పేర్కొననందున రెండవదియే తనంతట నడచెను. సంఖ్యను పిదప దేహములో వ్రాసినందున పరీక్ష జరుగనే లేదు. సంఖ్య నింపని పద్దులు రెండు సున్నతోనే లోపల జొరబడెను. ఇద్దరు బాలుర బాకీ యొకే ఖాతాలో బడినది. అభ్యాసపు లెక్క గనుక సరిపోయినది గాని, నిజముగా రుసుము వసూలు చేసియుండినచో నొక తండ్రి తన బిడ్డ తినని యన్నమునకు వెల యిచ్చియుండును. పట్టికలో తల్లిని పేర్కొని సంఖ్య నందించిన పిమ్మట నా పద్దులు వాకిటనే నిలిచిపోయినవి.

జావాలో "సూపర్" పిలుపే కన్‌స్ట్రక్టరు దేహమున మొదటి వాక్యముగా నుండవలెనను కట్టుబాటు చిరకాలము నడచినది. 2025లో వచ్చిన జావా 25 దానిని సడలించి, ఆ పిలుపునకు ముందే విలువలను పరీక్షించుకొన నిచ్చినది. ఇది మెచ్చదగిన మార్పు.

పైథానులో పిల్ల క్లాసు తన "ఇనిట్"ను వ్రాసికొని తల్లి "ఇనిట్"ను పిలువ మరచిన నెవ్వరును హెచ్చరింపరు. తల్లి యందు పుట్టవలసిన సభ్యము పుట్టదు. ఎన్నడో దాని నడిగినపుడు ప్రోగ్రాము నిలిచిపోవును. మొదటనే గద్దించు కంపైలరు నేర్చుకొనువారికి మేలని నా యభిప్రాయము. మా విద్యార్థులకు మాత్రము పైథానన్ననే ప్రీతి.