పనివారికి పండుగ కానుక

క్రిస్మస్ దగ్గరపడగానే, మా పిండి మరలో పనిచేసే ఇద్దరికీ ఏమి పెట్టగలమా అని ఇంట్లో ఆలోచించుకున్నాము. ఈ ఏడు బట్టలు పెట్టే స్థోమత మాకు లేదు. కూలివాని జీతము పొద్దు గూకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:15 ఆజ్ఞ. అందుచేత నెలాఖరుదాకా ఆపక, పండుగ ఖర్చులకు అందేలా 20వ తేదీనే జీతము పూర్తిగా ఇచ్చాము. 25, 26 తేదీలు జీతముతోనే సెలవు అన్నాము.

పరిగె ఏరుకొనవచ్చిన రూతును బోయజు భోజనానికి పిలిచి, పేలాలు తానే అందించాడు (రూతు 2:14). అది చదివి, అరిసెలు వండి, మేమే వారి ఇండ్లకు తీసుకొని వెళ్లాము. వారి బిడ్డల ఎదుట వారి కష్టాన్ని మెచ్చుకున్నాము. తండ్రిని గూర్చిన మంచిమాట విని ఆ పిల్లలు ఎంతో సంతోషించారు.

ప్రియ చదువరులారా, జీతము ఆపి బట్టలు పెడితే అది కానుక కాదు. వారి సొమ్ముతో వారికే పెట్టడము.