మెదకులో పునరుత్థాన దినము

మెదకు చర్చిని గూర్చి వినని వారు మన తెలుగునాట నరుదు. క్రిస్మసునాడు అచ్చటికి జనులు వేలకొలది పోవుదురు. కాని సోదరీమణులలో ఎవరేని ఆ దేవాలయమును చూడదలచిన, ఈస్టరు పండుగకు పోవుట మేలని మా యభిప్రాయము. క్రిస్మసు సంతోషము ఎల్లరకును సులభముగ బోధపడును. ఇంట శిశువు జనించిన సంతోషము మన కెఱుగనిదా? ఈస్టరు అట్టిది కాదు. మరణించినవాడు మూడవ దినమున లేచెనను మాట వినుటకే కష్టమైనది. ఆ మాటను నమ్మిన యింటివారికి అది యేమి చేయుచున్నదో కన్నులార చూడగోరి మేము మొన్నటి వేసవిలో ఆ యూరికి పోయితిమి.

మా వారితో పనిచేసిన క్రైస్తవోపాధ్యాయు లొకరు ఉద్యోగము విరమించి మెదకులో నివసించుచున్నారు. వారి భార్యను మేము అక్కగారని పిలుతుము. హైదరాబాదునుండి మెదకు ఇంచుమించు 100 కిలోమీటర్లు. శనివారము మధ్యాహ్నమునకు బస్సు దిగి, భోజనమైన పిదప దేవాలయమును చూడబోయితిమి.

దాని గోపురము 175 అడుగుల యెత్తు. దేవాలయము 200 అడుగుల పొడవును, 100 అడుగుల వెడల్పును గలది. చార్లెస్ వాకర్ పాస్నెట్టు అను ఆంగ్లేయ పాదిరి దీనిని 1914లో ఆరంభించి పదేండ్లు కట్టించెను. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. కరవుచే అలమటించుచున్న పల్లెప్రజలకు ఈ రాతిపనియే అన్నము పెట్టినదని అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు. బూడిదవన్నె రాతిస్తంభములను, నేలపై పఱచిన రంగుపలకలను చూచితిమి గాని మమ్ము నిలువరించినవి అద్దపు కిటికీలు. రంగుటద్దములతో కూర్చిన ఆ మూడు గొప్ప కిటికీలలో ఒకదాన యేసు జననము, ఒకదాన సిలువ మరణము, ఒకదాన స్వర్గారోహణము కలవు. వెలుపలి సూర్యకాంతియే వానికి ప్రాణము. ప్రొద్దు గ్రుంకినంతనే చిత్రములన్నియు నల్లబడును.

జననము కలదు, మరణము కలదు, ఆరోహణము కలదు. సమాధినుండి లేచిన ఘట్టము మాత్ర మీ మూడింట లేదు. ఆ మాటయే అక్కగారితో నంటిమి. ఆమె నవ్వి, “ఎవరు చూచిరని చిత్రింతురు చెల్లీ? మా సువార్తలు నాలుగింటిలోను ఆయన లేచుచుండగా చూచినవా రొక్కరును లేరు. ఖాళీ సమాధిని చూచినవారే కలరు” అనెను.

ఆ సాయంకాలము వారి యింట పండుగ సందడి కానరాలేదు. నలువది దినముల ఉపవాసకాలము తుదకు వచ్చినది. శుభ శుక్రవారమున మూడు గంటలసేపు ఆరాధనలో కూర్చుండిరట. శనివారము యేసు సమాధిలో నున్న దినము గనుక బిగ్గఱగ మాటాడువారును లేరు. చేతులు మాత్ర మూరకుండలేదు. అక్కగారు బంతిపూలు, మల్లెలు మాలలు గట్టి, కొవ్వొత్తులు లెక్కించి బుట్టలో సర్దిరి. ఈ పండుగ తేదియు మన పండుగలవలె చంద్రునిబట్టియే వచ్చునని అప్పుడు తెలిసినది. మార్చి 21వ తేదీనగాని తరువాతగాని వచ్చు పున్నమికి పిమ్మటి ఆదివారమే ఈస్టరు. కావున మార్చి 22కును ఏప్రిల్ 25కును నడుమ అది మాఱుచుండును.

తెల్లవారుజామున నాలుగు గంటలకు సమాధుల తోటకు బయలుదేరితిమి. పున్నమి దాటిన చంద్రుడు ఇంకను పడమట నుండెను. శ్మశానమునకు ఆడువారు పోరాదను ఆచారములో పెరిగిన మాకు కాళ్లు తడబడకపోలేదు. కాని అచ్చట చూతుము గదా, ముదుసళ్లు, బాలెంతలు, పసిపిల్లలు, అందఱును చేరియున్నారు. సమాధులన్నిటికిని క్రొత్తగా సున్నము వేసినారు. ప్రతి సమాధిపైనను దీపములు, పూలు. మా కన్నులకు అది కార్తికమాసపు కోనేటివలె తోచెను.

అక్కగారు చిన్న సమాధి యొకదానికడ కూర్చుండిరి. పదునొకండేండ్ల క్రిందట జ్వరముచే పోయిన ఆమె కూతురు దానిలో నున్నది. పందొమ్మిదేండ్ల పిల్ల. పాదిరిగారు సువార్త చదువుచుండిరి. ఆదివారమున ఇంకను చీకటి యుండగనే స్త్రీలు సుగంధద్రవ్యములు తీసికొని సమాధికడకు పోవుచున్నారు; ఆ రాతిని మనకొఱకు ఎవరు పొర్లింతురని దారిలో చెప్పుకొనుచున్నారు. రాయి కదలునో కదలదో తెలియదు, అయినను వండవలసినది వండి, నూఱవలసినది నూఱి బయలుదేరినారు. ఇది ఆడువారి పద్ధతియే! పండ్రెండుమంది శిష్యులలో నొక్కడు ద్రోహి కాగా, తక్కినవారు తలుపులు మూసికొని లోపలనుండిరి. స్త్రీలు వచ్చి చెప్పిన వార్తను వారు వట్టి మాటలని త్రోసివేసిరని లూకా వ్రాసెను. మా వారు ఆ ఘట్టము వినునప్పుడు తల వంచుకొనిరి.

ఆ వార్తను మొదట మోసిన మగ్దలేనే మరియ స్మరణదినమును రోమను కథోలిక సంఘము 2016లో అపొస్తలుల పండుగలతో సమానము చేసెను. మెదకు చర్చి యే సంఘమునకు చెందినదో ఆ దక్షిణ ఇండియా సంఘమున స్త్రీలకు పాదిరి పట్ట మిచ్చుట 1976లో మొదలైనది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలమునకు పుష్పలలితగారు ఆ సంఘమున తొలి స్త్రీ బిషప్పు అయిరి. ఆనాటి ప్రొద్దుటి సాక్ష్యమును నమ్ముటకు మగవారికి ఇంతకాలము పట్టినది!

ఆరాధన ముగిసిన పిదప అక్కగారి కన్నులు తుడుచుకొనుట చూచి, అడుగరాని ప్రశ్నయే అడిగితిమి. “బిడ్డ తిరిగి లేచునని నమ్ముదురు గదా అక్కా, కన్నీరేల?”

“దూరదేశమునకు పోయిన బిడ్డ వచ్చునని తెలిసినంతన తల్లికి ఎడబాటు లేకపోవునా? లాజరును లేపబోవుచున్నానని తెలిసియే యేసు అతని సమాధికడకు పోవుచు ఏడ్చెను. మా కేడ్చుట నిషిద్ధము కాదు చెల్లీ.”

మాకు సావిత్రి కథ స్ఫురించెను. ప్రమద్వరకు తన యాయువులో సగమిచ్చి బ్రతికించుకొనిన రురుని కథయు స్ఫురించెను. ఆ మాట చెప్పగా అక్కగారు భేదమును విప్పిరి. సత్యవంతుడు బ్రతికెను, మఱి కొంతకాలమునకు మరణించెను; లాజరును అంతియే. యేసు లేచుట పాతజీవితమునకు మరలివచ్చుట గాదట, మృత్యువునకు ఇక చేయి చాపరాని జీవితమునకు పోవుటయట. మఱి యొక భేదమును మేమే కనిపెట్టితిమి. ఆత్మకు చావు లేదని గీత చెప్పగా వింటిమి. దేహము విడిచిన వస్త్రము వంటిదని ఊరడిల్లుదుము. వీరి యాస దేహమునుగూడ విడువదు. లేచిన యేసు చేతులలో మేకుల గాయములు అట్లే యుండెను. తోమా వానినే చూడగోరెను.

“గంజి పడి కాలిన మచ్చ యొకటి మా పిల్ల ఎడమచేతిపై నుండెడిది. ఆ మచ్చతోనే లేచునని నా కోరిక. పాదిరిగారు విన్న నవ్వుదురేమో” అనిరి అక్కగారు.

ఆ నమ్మకము మాది కాదు. అయినను, రెండేండ్ల క్రిందట మా తల్లిగారు పోయిన నాటినుండి ఆత్మ నిత్యమని చదివిన పుటలన్నిటికంటె ఆ మచ్చ మాటయే మా మనస్సున నెక్కువగా మెదలుచున్నది. మా తల్లిగారి ముక్కుపై చిన్న పుట్టుమచ్చ యుండెడిది.

పిమ్మట దేవాలయమున ఆరాధన. “క్రీస్తు లేచెను” అని పాదిరి యనగా, “నిజముగా లేచెను” అని జనమంతయు పలికిన ధ్వని రాతికప్పుకింద చాలసేపు నిలిచెను. ఇంటికి వచ్చి కోడికూరతోను సేమియాపాయసముతోను ఉపవాసకాలమునకు స్వస్తి పలికిరి. మాకు వేఱుగ పప్పును వంకాయకూరయు వండించిరి. ఉదయము కన్నీరు తుడిచిన చేతులే వడ్డనలో ఒక్కరిని మరువలేదు.

సాయంకాలము ఏడుపాయలలో దుర్గమ్మవారిని సేవించి పోవుదమని మేము ముందే అనుకొంటిమి. బయలుదేరునప్పుడు అక్కగారు మిగిలిన మల్లెమాలను తడిగుడ్డలో చుట్టి, “మీ అమ్మగారి కొఱకు” అని మా చేతి కిచ్చిరి. ఎక్కడ నుంచవలెనని అడుగబోయి ఊరకుంటిమి. మా తల్లిగారి అస్థులను ధర్మపురిలో గోదావరిలో కలిపినాము; సమాధి లేదు. ఏడుపాయలవద్ద మంజీర పాయలుగా చీలును. వేసవియగుటచే నీరు పలుచగా నుండెను. అయినను మంజీర పోయి గోదావరిలోనే కలియును. అమ్మవారి దర్శనమైన పిదప బండలమీద దిగి ఆ మాలను నీట విడిచితిమి. అది రెండు రాళ్ల నడుమ చిక్కుకొనగా, మా వారు పంచె పైకెగగట్టి దిగి దానిని వదలించిరి.