ఏభై పౌండ్ల కోట

కోట గురించి రాయమంటే ఎవరైనా గోల్కొండ గురించో, ఓరుగల్లు గురించో రాస్తారు. మేము మాత్రం ఏడు సముద్రాల అవతల ఐర్లండ్ దేశంలో, నోర్ నది ఒడ్డున ఉన్న కిల్కెన్నీ కోట గురించి రాస్తున్నాము. పీజీలో ఐర్లండ్ చరిత్ర చదువుతున్నప్పుడు ఈ కోట మమ్మల్ని పట్టుకుని వదలలేదు. కారణం దాని అందం కాదు. అది ఎందరి చేతులు మారి, చివరికి ఎవరి చేతికి వచ్చిందన్నదే కారణం.

మాది భూమి లేని ఇల్లు. మా ఇంటికి వచ్చిన మొట్టమొదటి పట్టా మా డిగ్రీ పట్టాయే. పాత పహాణీల్లో పట్టాదారు అని ఒక కాలమ్, అనుభవదారు అని మరో కాలమ్ ఉండేవి. మా నాన్న పేరు ఆ రెండింటిలోనూ లేదు. దున్నింది, కోసింది మాత్రం ఆయనే. అందుకే ఏ కోట చరిత్ర చదివినా ముందు పట్టాదారులెవరో చూస్తాము. ఆ తర్వాత ఆ కాలమ్‌లో లేనివాళ్ల కోసం వెతుకుతాము.

కిల్కెన్నీ కోట పట్టాదారుల జాబితా పెద్దదే. 12వ శతాబ్దంలో నార్మన్ ప్రభువులు ఐర్లండ్ మీదికి వచ్చారు. వాళ్లలో స్ట్రాంగ్‌బో అనే ప్రభువు 1170లో లీన్‌స్టర్ రాజు కూతురిని పెళ్లాడి ఆ రాజ్యానికి వారసుడయ్యాడు. ఆయన కూతురిని 1189లో విలియం మార్షల్ పెళ్లి చేసుకున్నాడు. 13వ శతాబ్దం మొదట్లో నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులతో రాతికోట కట్టించింది ఈయనే. మార్షల్ ఐదుగురు కొడుకులూ వారసులు లేకుండానే చనిపోయారు. ఆస్తి కూతుళ్ల వంశాలకు పోయింది. 1391లో ఓర్మండ్ ప్రభువు జేమ్స్ బట్లర్ కోటను కొన్నాడు. 1650లో క్రామ్‌వెల్ ఫిరంగులు కోటను దెబ్బతీశాయి. అందుకే నేడు మూడు బురుజులే కనిపిస్తాయి. 1715లో రాజద్రోహ నేరం మీద ఆ వంశపు రెండో డ్యూక్ ఆస్తులు పోగొట్టుకున్నాడు. కొన్నేళ్లకు ఆయన తమ్ముడు వాటిని మళ్లీ దక్కించుకున్నాడు. మొత్తం మీద 1935 దాకా, అంటే 544 ఏళ్లు, కోట కథ బట్లర్ల కథే.

పెళ్లి, వారసత్వం, కొనుగోలు, యుద్ధం. ఇన్ని రకాలుగా పట్టాదారు మారాడు. కోట చుట్టూ దున్నేవాడి బతుకు మాత్రం మారలేదు. 1704 నాటి చట్టం కాథలిక్కులు భూమి కొనరాదనీ, 31 ఏళ్లకు మించి కౌలుకు తీసుకోరాదనీ నిషేధించింది. ఆ దేశంలో ఎక్కువమంది కాథలిక్కులే! 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకి కరువు మొదలైంది. 1852 నాటికి సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంచుమించు అంతమంది దేశం విడిచి వెళ్లిపోయారు. కౌలు కట్టలేనివాళ్లను ఇళ్ల నుంచి గెంటేశారు.

మార్పు కోటలోంచి రాలేదు, పొలంలోంచి వచ్చింది. 1879లో కౌలు రైతులు భూమి లీగ్‌గా ఏకమయ్యారు. పోరాడగా పోరాడగా చట్టాలు వచ్చాయి. 1903 చట్టంతో ప్రభుత్వం అప్పు ఇచ్చి, దున్నే భూమిని కౌలు రైతులే కొనుక్కునే వీలు విస్తృతంగా కల్పించింది. కౌళ్లు పోయాక పెద్ద పెద్ద బంగళాలను పోషించడం దొరలకు కష్టమైంది. 1935లో బట్లర్లు కోటలోని సామాన్లు వేలం వేసి వెళ్లిపోయారు. దాదాపు 30 ఏళ్లు కోట పాడుబడి ఉంది. 1967లో ఆర్థర్ బట్లర్ దానిని స్థానిక పునరుద్ధరణ సంఘానికి 50 పౌండ్లకు ఇచ్చేశాడు. 1969లో అది ప్రభుత్వ పరమైంది. ఒకప్పుడు ప్రభువుల వనంగా ఉన్న చోట ఇప్పుడు ఊరి పిల్లలు ఆడుకుంటున్నారు.

ఇందులో వరుస గమనించండి. ముందు దున్నేవాడికి భూమి వచ్చింది, తర్వాతే కోట జనానిదయింది. తలుపు వాటంతటవే తెరుచుకోలేదు.

సోదర విద్యార్థులారా! హాస్టల్ పిల్లలు ఉచితంగా తింటున్నారని అనేవాళ్లు మీకూ తారసపడే ఉంటారు. మేమూ ఆ మాట విన్నాము, తల దించుకున్నాము. ఈ కోట చరిత్ర చదివాక ఆ మాటకు జవాబు దొరికింది. కిల్కెన్నీ తోటలో నడిచే మనిషిని ఎవరి దయ మీద నడుస్తున్నావని ఎవరూ అడగరు. అది ప్రజల ఆస్తి, ఆయన ప్రజల్లో ఒకడు. మన హాస్టల్ కూడా అంతే. మన అమ్మానాన్నల చెమట ఈ దేశపు పంటలో ఉంది, కొన్న వస్తువుల మీద కట్టిన పన్నులోనూ ఉంది. ఇది భిక్ష కాదు, మన వాటా. మనదనుకున్నాము గనుకనే కిటికీ అద్దం పగలకుండా, కుళాయి నీళ్లు వృథా కాకుండా చూసుకునే బాధ్యత కూడా మనదే.

ఇంకో మాట. మార్షల్ పేరు పుస్తకాల్లో ఉంది. రాళ్లెత్తిన కూలీల పేర్లు ఆ పక్కన లేవు. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ ఊరి చెరువుకట్టో, గడియో, బంగళాయో చూడండి. దానికి మట్టి మోసిన వాళ్లెవరో మీ తాతమ్మనడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. వచ్చే సంచికకు అవే వ్యాసాలు పంపండి.